గడియారాలాయన చంపాడా?

మార్చి 9

పెన్సిలూ,

ఈ కోడిగీతలు ఎవరివా అనుకుంటున్నావేమో. నేనే, మీ బాబాయిని. ఇక్కడి జైలు వర్క్‌షాపులో నాకు కుట్టుమిషన్లు బాగుచేసే పని ఇచ్చారని తెలుసు కదా. మొన్న ఒక మిషన్ సూది తిన్నగా బొటనవేల్లో దిగింది. కట్టు కట్టారు. అందుకే అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి. కంగారుపడకు, తగ్గిపోతోంది.

నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక ఇన్నాళ్ళూ రాయలేదు.

ఆదివారం సాయంత్రం మమ్మల్నందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి టీవీ పెడతారు. ఇదివరకు సగంమంది గోడకి జారబడి కునుకు తీసేవాళ్ళు. నీ సీరియల్ ‘మేడ మీద అలికిడి’ మొదలయ్యాక ముందు వరసలో చోటు కోసం కుమ్ములాటలు. గడియారాలు బాగుచేసే ఆయన భార్య మేడ మీంచి పడి చచ్చిపోవడం, ఆ మేడ రెయిలింగు మరలు పొద్దున ఆయనే విప్పి బిగించి ఉండటం, ఆ పొద్దున్నే మొగుడూ పెళ్ళాలు వీధంతా వినేలా పోట్లాడుకోవడం... ఇదంతా చూసి హాలు హాలంతా “ఆయన చంపలేదు” అంటోంది. నిజంగా చంపి వచ్చినవాళ్ళున్నారు చూడు, వాళ్ళు అందరికంటే గట్టిగా అంటున్నారు. మా బ్యారక్‌లో ఒకడికి ప్లీడరు అని పేరు. కోర్టు చదువేం లేదు, ఊరికే వాదిస్తాడని అలా పిలుస్తాం. గడియారాలాయన నిర్దోషి అని వాడు తన సబ్బులన్నీ పందెం కాశాడు. ఓడితే మాకే కష్టం, పక్కన పడుకునేది మేమేగా.

నేను మాత్రం వెనక కూర్చుని వణికిపోయాను. నువ్వు వేరే పేరుతో రాస్తున్నా నాకు మొదటి వారమే తెలిసిపోయింది. విప్పిన మరలు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడటం నా అలవాటు. “ఎప్పుడో మింగి కూర్చుంటావు” అనేది మీ పిన్ని. ఆ మాట కూడా పెట్టేశావు. రెయిలింగు తీసేసి లిఫ్టు తలుపు పెడితే అది మా ఇంటి కథే కదే! మా బిల్డింగులో లిఫ్టు పైకి రాకుండానే తలుపు తెరుచుకుంది. మీ పిన్ని లోపల లిఫ్టు ఉందనుకుని గోతిలోకి అడుగేసింది. ఆ లిఫ్టు మెకానిక్కుని నేను. పొద్దున ఆవిడతో పోట్లాడింది నేను. కోర్టుకి అంతకంటే ఏం కావాలి.

అసలు సంగతి ఇది. గువ్వ వచ్చింది.

నా కూతురు, పెన్సిలూ. వాళ్ళమ్మ పోయిన రోజు వాళ్ళ పెద్దమ్మ, మీ పిన్ని అక్క, ఎత్తుకుపోయిన పిల్ల. నేనే చంపానని నమ్మి, ఇన్నేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయనిది. ములాఖత్ గదిలో ఇనప జాలీ అవతల నిలబడితే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. “ఆదివారం వచ్చే సీరియల్ చూస్తున్నారా?” అని అడిగింది. మీరు అంటోంది నన్ను. చూస్తున్నానన్నాను. “అది రాసినవాళ్ళెవరో మనల్ని ఎరగరు. అయినా ఆ మనిషి చంపి ఉండకపోవచ్చు అని రాశారు. నాకెప్పుడూ అలా ఆలోచించాలనే తోచలేదు” అంది. వెళ్ళేటప్పుడు, “ఆఖరికి ఏమవుతుందో చూసి మళ్ళీ వస్తాను” అంది.

రాసేది మీ అక్కే అని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగిపోయాను.

ఇప్పుడు చెప్పు. ఆఖరికి ఏమవుతుంది? ఆయన చంపాడా? ఉత్తరాలు చదివి ముద్ర వేసే ఆఫీసరు గారు ఇది కూడా చదువుతారు. అయ్యా, రాసేది మా అన్న కూతురని ఎవరికీ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.

ఆశతో చస్తున్న
మీ బాబాయి

(చెప్పను. కానీ ఎదురింట్లో కుట్టుపని చేసే ఆవిడ మీద నాకు మొదట్నుంచీ అనుమానం. నిజమేనా? – ముద్ర వేసేవాడు)

✻

మార్చి 21

బాబాయ్,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పి, మెట్ల మీదకి పారిపోయి చదువుకున్నాను. మా రాతగది టైర్ల దుకాణం మీద ఉంది. మెట్లన్నీ రబ్బరు వాసన. ఇకమీదట నాకు రబ్బరు వాసన వస్తే గువ్వే గుర్తొస్తుందేమో.

నిన్ను అడక్కుండా నీ కథ వాడుకున్నాను. అడిగితే వద్దంటావని భయం. నాన్న పోయేముందు కూడా “వాడు ఆ పని చేసేవాడు కాడే” అంటూ పోయాడు. ఆ మాట పట్టుకుని నేను చెయ్యగలిగింది ఇదొక్కటే అనిపించింది.

నేను రాసిన ముగింపు నీకు చెప్తాను, ఒట్టు, ప్లీడరుకి చెప్పకు. ఆయన చంపలేదు. ఎవరూ చంపలేదు. రెయిలింగు పైకి నున్నగానే ఉంది గానీ లోపల తుప్పు తినేసింది. అంతే.

కానీ ఇక్కడొక చిక్కొచ్చి పడింది. ప్రేక్షకుల ఓటింగ్ పెట్టారు. దాదాపు అందరూ ఆయన నిర్దోషి అనే అన్నారు. నేను ఎగిరి గంతేశాను. మా నిర్మాత మాత్రం మొహం వేలాడేశాడు. “అందరూ ముందే అనుకున్నది చూపిస్తే నన్ను చూసి నవ్వరా? తుప్పు ఏమిటమ్మా తుప్పు! ఇన్ని నెలలు జనాన్ని కూర్చోబెట్టి తుప్పు చూపిస్తామా? ఆయనే చంపాడని తేలాలి. ఇంటిల్లిపాదీ సోఫాలోంచి లేచి నిలబడాలి” అన్నాడు. గోడ మీద తెల్లబోర్డు ఉంటుంది, అనుమానితుల పేర్లన్నీ దాని మీదే రాసుకుంటాం. నేను కొట్టేసిన గడియారాలాయన పేరు తుడిచి, మళ్ళీ ఎర్రగా రాశాడు.

నువ్వు భయపడకు. నేను ఊరుకోను. అరిచి గీపెట్టయినా నా ముగింపే నిలబెడతాను.

ఆఫీసరు గారికి: కుట్టుపని ఆవిడ కాదండీ. అంతకంటే చెప్తే నా ఉద్యోగం పోతుంది.

వేలు జాగ్రత్త బాబాయ్.
నీ పెన్సిల్

✻

ఏప్రిల్ 2

పెన్సిలూ,

ఎర్రగా రాశాడన్న మాట చదివినప్పట్నుంచీ ముద్ద దిగడంలేదు.

నీకు అది కథ. నిర్మాతకి వ్యాపారం. నా కూతురు ఆ ఒక్క మాట పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉందే. ఇటు తోస్తే ఇటు పడుతుంది, అటు తోస్తే అటు పడుతుంది. రేపు టీవీలో గడియారాలాయన “అవును, నేనే తోశాను” అంటే, అది విని గువ్వ ఇంక ఈ గడప తొక్కుతుందా? ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చూసి చూసి చివరికి ఆయనే చంపాడని తేల్చారు అనుకోదూ? కోర్టు ఒకసారి వేసిన శిక్ష చాలదన్నట్టు మళ్ళీ నువ్వు వేయిస్తావా?

తప్పయింది, నిన్నంటున్నానేమిటి. నీ చేతిలో ఏముంది.

హాల్లో గొడవలు ముదిరాయి. ఆయన చంపి ఉంటాడని ఒక వార్డరు నోరు జారాడు. ఆ మాటకి వీళ్ళు టిఫిన్ ముట్టలేదు, ఆయన క్షమించమనేదాకా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా కేసులో ఒక్కడు నా పక్షాన టిఫిన్ మానలేదు పెన్సిలూ. టీవీలోవాడి కోసం ఇంతమంది.

ఆదివారం ఆదివారం ఎదురుచూడటం నా వల్ల కావడంలేదు. వాళ్ళు ఏది చూపించినా సరే, ఆయన చంపలేదని నువ్వు రాసిన ఆ మంచి మాట ముందుగా ఎలాగోలా గువ్వ చెవిన పడితే ఎంత బాగుండు అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనలు.

గట్టిగా నిలబడు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను అనాలని ఉంది, నువ్వు నా చేతుల్లో పెరిగిన పిల్లవి కాబట్టి అనలేకపోతున్నాను.

బాబాయి

✻

ఏప్రిల్ 12

బాబాయ్! బాబాయ్!

ముందు కూర్చో. నీ పిచ్చి ఆలోచన పిచ్చిది కాదు. అది చదవగానే నేనేం చెయ్యాలో తెలిసిపోయింది. నిన్న వెళ్ళి గువ్వని కలిశాను.

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది, తెలుసా నీకు? అద్దాలు ఫ్రేము కొలతకి అరగదీసే పని. వెనక చిన్న గది, మిషన్ మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి, ముక్కు కొస మీద తెల్లటి పొడి. వేళ్ళు అచ్చం నీ వేళ్ళే.

నేనెవరో చెప్పాను. పెదనాన్న కూతురినని అనగానే కొంచెం బిగుసుకుంది. ఆ మాత్రం ఉంటుందిలే అనుకుని నేనే గలగలా చెప్పుకుపోయాను. “ఆ సీరియల్ రాసేది నేనే చెల్లీ. బాబాయి ఏ పాపం ఎరగడని మాకు తెలుసు, అందుకే రాశాను. ఆఖర్లో ఆయన నిర్దోషి అనే రాశాను, వాళ్ళు ఏం చూపించినా నువ్వు నమ్మకు” అన్నాను. చేతిలో అద్దం కింద పెట్టేసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. “ఆయనకి తెలుసా, రాసేది మీరేనని?” అని అడిగింది. “ఎందుకు తెలీదు, మేం ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నాం” అన్నాను. “అలాగా” అంది. లోపలికి వెళ్ళిపోయింది. ఎంతసేపు చూసినా బయటికి రాలేదు. సంతోషం పట్టలేకపోయి ఉంటుంది పిచ్చిపిల్ల. కౌంటరు మీద ఒక చాక్లెట్ పెట్టి వచ్చేశాను.

ఇక నిర్మాత ఏం చేసినా మనకేం భయం లేదు బాబాయ్. చేరవలసిన మాట చేరిపోయింది.

ఇవాళ కడుపునిండా తిను.
నీ పెన్సిల్

✻

ఏప్రిల్ 14

పెన్సిలూ,

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. అక్షరాలు మళ్ళీ వంకర పోతున్నాయి, ఈసారి సూది వల్ల కాదు.

నిన్న గువ్వ వచ్చింది. నన్ను పిలవగానే ప్రాణం లేచొచ్చినట్టు పరిగెత్తాను. కూర్చోలేదు. జాలీ పట్టుకోలేదు. “బాగా రాయించారు” అంది. ఏమిటమ్మా అన్నాను. “బయటివాళ్ళెవరో నమ్మారనుకున్నాను. మీరూ మీవాళ్ళూ కలిసి నా కోసం నాటకం ఆడించారు. నేను ప్రతి ఆదివారం దాని ముందు కూర్చుని ఏడ్చాను. ఇంక రాను” అంది. “గువ్వా” అని పిలిచాను. “ఆ పేరు అమ్మ పెట్టింది, మీరు పిలవకండి” అంది. వెళ్ళిపోయింది.

నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసింది ఒక్కడికే, ఉత్తరాలు చదివే ఆ ఆఫీసరుకి. తిన్నగా ఆయన గదికి పోయాను. “నీ నోట్లో మాట దాగదా? నా కూతుర్ని నాక్కాకుండా చేశావు” అని బల్ల మీద కొట్టాను. ముద్ర సిరా ఆయన చొక్కా మీద ఒలికింది. ఆయన నోరు తెరిచి, ఏదో చెప్పబోయి, మానేశాడు. నన్ను పట్టుకుపోయారు. ఇకమీదట ఆదివారాలు హాల్లోకి నాకు ప్రవేశం లేదు. లేకపోతే లేకపోయింది. ఇంక ఏం చూడాలని?

ఈ ఉత్తరం కూడా ఆయనే చదివి ముద్ర వేస్తాడు. చదువుకోనీ.

ఎవరికీ ఏమీ కాని
మీ బాబాయి

✻

ఏప్రిల్ 19

పెన్సిలూ,

నీ ఉత్తరం అందింది.

సంతోషం పట్టలేక కాదు తల్లీ, గువ్వ లోపలికి వెళ్ళింది.

ఆ పిల్లకి నా గురించి మంచి చెప్పేవాళ్ళు ఇన్నేళ్ళూ ఉన్నారు. మా అన్నయ్య చెప్పాడు, మా వకీలు చెప్పాడు. అందరూ నా మనుషులు. నావాడు కానివాడు ఒక్కడు నమ్మాడు అనుకుంది, ఆ ఒక్కడి కోసమే వచ్చింది. ఆ ఒక్కడూ నువ్వేనని నువ్వే వెళ్ళి చెప్పావు. చాక్లెట్ కూడా పెట్టి వచ్చావు.

నిన్ను తిట్టలేను. అలా చెవిన పడితే బాగుండునని రాసింది నేనేగా.

ఆఫీసరు గది ముందు నిలబడి దణ్ణం పెట్టి వచ్చాను. ఆయన తలెత్తలేదు. చొక్కా మీద మరక పోలేదు.

బాబాయి

✻

ఏప్రిల్ 28

బాబాయ్,

నీ రెండు ఉత్తరాలూ వెంటవెంటనే వచ్చాయి. రెండోది చదివి నేను ఏడవలేదు, ఏడవడానికి కూడా సిగ్గేసింది.

దుకాణానికి వెళ్ళాను. లోపల్నుంచి “లేనని చెప్పండి” అని గువ్వ గొంతే వినబడింది. బయట మెట్టు మీద కూర్చున్నాను. షట్టరు దింపేటప్పుడు నా మీంచి దాటుకుని వెళ్ళింది. పలకరించలేదు సరికదా, నా వైపు చూడను కూడా లేదు. ఒక ఉత్తరం రాస్తే చింపకుండా, విప్పకుండా, అలాగే తిరిగొచ్చింది.

ఇక్కడేమో ఆఖరి భాగం దగ్గరపడుతోంది. రోజూ సంచులు సంచులుగా ఉత్తరాలు. ఒకావిడ రాసింది: ‘మా ఆయన కూడా నోరులేని మనిషే. గడియారాలాయన్ని దోషిని చేస్తే మా ఇంట్లో టీవీ అమ్మేస్తాం’ అని. ఇంకొకాయన, ‘వాడే చంపాడని మొదటి వారమే కనిపెట్టాను, కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను’ అని. అందరికీ ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే ఊరుకునేట్టు లేరు.

నేను ఎటూ కాకుండా పోయాను బాబాయ్. నిర్మాతతో పోట్లాడి గెలిచి, ఆయన నిర్దోషి అని చూపించాననుకో. “చూశారా, నాన్నవైపు వాళ్ళు రాసుకున్నారు” అంటుంది గువ్వ. ఓడిపోయి ఆయనే చంపాడని చూపిస్తే, “చూశారా, సొంతవాళ్ళు కూడా దాచలేకపోయారు” అంటుంది. ఎటు రాసినా నీ మెడకే చుట్టుకుంటోంది. కాయితం ముందు కూర్చుని, రాసింది రాసినట్టే కొట్టేస్తున్నాను.

నువ్వే చెప్పు. ఇంతవరకూ నిన్ను అడక్కుండా అన్నీ చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం రాయమంటావు? ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చెప్పు, అదే రాసేస్తాను. ఏమైతే అదయింది.

పెన్సిల్

✻

మే 6

పెన్సిలూ,

నిజంగా ఏం జరిగిందో చెప్పమన్నావు. ఇంతవరకూ నన్ను ఎవరూ అలా అడగలేదు. నువ్వు చంపావా లేదా అని అడిగారు, అంతే.

నేను చంపలేదు. ఆ తలుపు తాళం పొద్దున నేనే చూశాను, బాగానే ఉంది. నా చేత్తో లాగి చూశాను. లిఫ్టు పైకి రాకపోతే ఆ తలుపు తెరుచుకోకూడదు. కానీ తెరుచుకుంది. ఎలా తెరుచుకుందో నాకు తెలీదు.

నువ్వు తుప్పు అన్నావు చూడు, ఆ రోజంతా తుప్పు గురించే ఆలోచించాను. మా తలుపుకి తుప్పు లేదు. స్ప్రింగు అలిసిపోయిందేమో. ఎవరైనా బరువు మోస్తూ గట్టిగా గుద్దారేమో. ఇవన్నీ ఎప్పుడో అనుకున్నవే. ఇన్నేళ్ళూ నా బుర్రలో ఆ తలుపు తెరుస్తూ మూస్తూనే ఉన్నాను. ఏ పని చేస్తున్నా లోపల అదే చప్పుడు. నీకొక సంగతి చెప్పనా, నవ్వకు. నీ సీరియల్ ముందు కూర్చున్నప్పుడు నేను కూడా ఈ ప్లీడరులాగే ఎదురుచూశాను. ఆఖర్లో ఎవరో వచ్చి, ఇదిగో ఇలా జరిగింది అని చెప్తారేమో, అప్పుడు నాకు కూడా తెలుస్తుందేమో అనుకున్నాను. రాసేది నువ్వని, నీకు తెలిసే దారి లేదని తెలిసి కూడా అనుకున్నాను. మనిషికి అంత ఆకలిగా ఉంటుంది, తెలుసుకోవాలని.

అందుకని చెప్తున్నాను. నీకు తెలియనిది తెలిసినట్టు రాయకు. ఆయన చంపాడనీ వద్దు, తుప్పనీ వద్దు. ఆవిడ పడిపోయింది, ఎలా పడిందో ఆయనకి తెలీదు, ఎవరికీ తెలీదు, ఆయన ఆ మేడ మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు, అంతవరకే రాయి. అది చూసి జనం తిడతారు. తిట్టనీ. నాకు మాత్రం, నా గురించి ఒక్కళ్ళయినా అబద్ధం లేకుండా చెప్పారని ఉంటుంది.

గువ్వ ఏమనుకుంటుందో అని ఇంక లెక్క వెయ్యకు. మనం లెక్కలు వేసే కదా ఇంత చేసుకున్నాం.

ఈమధ్య అద్దంలో చూసుకోవడం మానేశాను. గడ్డం ప్లీడరు గీస్తున్నాడు. ఒక్కోసారి పొద్దున లేవాలంటే ఎందుకు లేవాలో తోచదు. ఈ ముక్క ఆఫీసరు గారు కొట్టేస్తారేమో.

బాబాయి

(కొట్టెయ్యలేదు. మీరు తరచుగా రాస్తూ ఉండండి. – ముద్ర వేసేవాడు)

✻

మే 17

బాబాయ్,

నువ్వు చెప్పినట్టే రాశాను. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. రాస్తున్నంతసేపూ నువ్వు పక్కన కూర్చున్నట్టే ఉంది.

నిర్మాత చదివి, పేజీలు తిరగేసి వెనక ఇంకేమైనా ఉందా అని చూశాడు. “మిగతాది ఏది?” అన్నాడు. అంతేనన్నాను. “తెలీదంటే ఎలాగమ్మా! ఇది తెలుసుకోడానికే కదా జనం అన్నాళ్ళు చూసింది? నీకు తెలీకపోతే తెలిసినవాళ్ళ చేత రాయించుకుంటాను” అన్నాడు. “తెలిసినవాళ్ళు ఎవరూ లేరండీ, అదే కథ” అన్నాను. నన్ను చూసి జాలిపడ్డాడు. అరిచి ఉంటే బాగుండేది.

నన్ను తీసేశారు. ఇంకొకతను రెండు రోజుల్లో రాసిచ్చేశాడు. షూటింగు కూడా అయిపోయింది. గడియారాలాయన కెమెరా వైపు తిరిగి నవ్వుతూ ఒప్పుకుంటాడట. చాలా బాగా వచ్చిందని చెప్పుకుంటున్నారు. నా వస్తువులు అట్టపెట్టెలో పెట్టుకుని ఆ రబ్బరు మెట్లు దిగాను. బోర్డు మీద ఆయన పేరు ఎర్రగా అలాగే ఉంది, తుడిచి వద్దామనుకున్నాను, తుడవకుండానే వచ్చేశాను.

ఈ ఆదివారమే ప్రసారం. నీకు హాల్లోకి ప్రవేశం లేకపోవడమే మంచిదయింది. ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకో. ప్లీడరుని కూడా చూడనివ్వకు, నీకు దణ్ణం పెడతాను.

నేను నీకు చేసింది చాలు. ఇంక రాయను, నీకు గానీ ఇంకెవరికి గానీ. నేను కలం పట్టుకున్నప్పుడల్లా నీకే ఏదో ఒకటి అవుతోంది. ఇంట్లో కర్టెన్లు వేసుకుని కూర్చున్నాను. ఫోను తీసి పక్కన పెట్టేశాను.

నన్ను క్షమించమని అడగను.
పెన్సిల్

✻

మే 30

పెన్సిలూ,

రాయను అన్నావు. చదవను అనలేదు కాబట్టి రాస్తున్నాను. కర్టెన్లు తీసి, వెలుతురులో చదువు.

ఆదివారం అందరూ హాలుకి పోయారు. బ్యారక్‌లో నేనొక్కడినే. చెవులు మూసుకోమన్నావు. మూసుకున్నాను గానీ, మధ్యమధ్య తీస్తూనే ఉన్నాను. గోడ అవతల్నుంచి కేకలు, నవ్వులు వినబడ్డాయి. ఉన్నట్టుండి హాలంతా ఒక్కసారి అరిచింది. ఆ తర్వాత నిశ్శబ్దం. అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. తిరిగొచ్చి ఎవరి పక్కల మీద వాళ్ళు పడుకున్నారు. ప్లీడరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ గడియారాలాయన నేనేనని వాడికి ఎప్పుడో తెలుసునట. మరలు పెదాల మధ్య పెట్టుకోవడం రోజూ చూస్తున్నాడు కదా. “వాళ్ళకేం తెలుసు గురూ” అన్నాడు. అంతకంటే వాదించలేదు. వాడు వాదించకపోవడం చూసి నాకు భయమేసింది.

ఆ రాత్రి ఎలా గడిచిందో నీకు చెప్పను. గడిచింది.

తర్వాతి ములాఖత్ రోజున నన్ను పిలిచారు. నువ్వేమో అనుకున్నాను. గువ్వ.

కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జాలీ దగ్గరికి వచ్చి నిలబడింది. “ఆయనే చంపాడని చూపించారు” అంది.

“తెలుసమ్మా” అన్నాను.

“ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. నేను లేచి నిలబడి టీవీ మీద అరిచేశాను. అబద్ధం, అబద్ధం, చంపలేదు అని అరిచాను. పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఎవరే చంపనిది అని అడిగింది. నా నోట్లోంచి ‘నాన్న’ అని వచ్చింది.”

మాట్లాడితే అది ఆగిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

“ఎందుకలా అన్నానో నాకు తెలీదు. నమ్ముతున్నానో లేదో కూడా తెలీదు. ఆయన నిర్దోషి అని చూపించి ఉంటే, అక్క రాసిందిలే అనుకుని టీవీ కట్టేసేదాన్ని. అదంతా అయిపోయేది. వాళ్ళు అలా చూపించేసరికి ఒళ్ళు మండిపోయింది.” జాలీకి ఇంకా దగ్గరగా జరిగి, “అక్క ఎందుకలా రాసింది?” అని అడిగింది.

అది నువ్వు రాసింది కాదని, నువ్వు రాసింది పక్కన పడేసి నిన్ను తీసేశారని చెప్పాను. మరి అక్క ఏం రాసిందని అడిగింది. ఏం జరిగిందో ఎవరికీ తెలీదని రాసిందన్నాను.

“నీకు కూడా తెలీదా?” అంది.

‘నీకు’ అంది పెన్సిలూ. చిన్నప్పుడు అన్నట్టు.

“తెలీదమ్మా. ఇన్నేళ్ళూ ఆలోచించాను. నాకూ తెలీదు” అన్నాను. నేను చంపలేదని ఇదివరకు ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో. ఏ ఒక్కరి ముఖంలోనూ రాని మార్పు, నాకు తెలీదు అన్నప్పుడు దాని ముఖంలో వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అయితే ఆ రోజు తెలిసినంతవరకూ చెప్పు. పొద్దున్నుంచి. ఏదీ వదలకుండా.”

మొదలుపెట్టాను. పాలు పొంగిపోయాయని చెప్తే, ఎవరు చూసుకోలేదు, అమ్మా నువ్వా అని అడిగింది. అమ్మ ఏ రంగు చీర కట్టుకుందని అడిగింది. పోట్లాట ఎందుకని అడిగింది. “నిన్ను హాస్టలుకి పంపుదామన్నాను. అమ్మ వద్దంది. నేను వినలేదు” అన్నాను. “అమ్మ వద్దందా?” అని అడిగి రెండుసార్లు చెప్పించుకుంది. కళ్ళు తుడుచుకుని, “ఊఁ, తర్వాత?” అంది. ఒక్కొక్క మాటకీ అడ్డం పడుతుంది. అడ్డం పడుతుంటే నాకూ మరిచిపోయినవన్నీ పైకొస్తున్నాయి. మీ పిన్ని ఆ పొద్దున పోట్లాట అయ్యాక, కోపంగా ఉండి కూడా, నా డబ్బాలో ఇంకో రొట్టె ఎక్కువ పెట్టింది. కోర్టులో ఇది చెప్పాలని నాకు తోచనే లేదు.

ఆఖరుకి ఎలాగూ వెళ్ళాలి. ఆ తలుపు దగ్గరికి వెళ్ళాక గువ్వ ఏమంటుందో, మళ్ళీ మీరు అంటుందో, అసలు రాదో, నాకు తెలీదు. ఆ భయం నన్ను వదల్లేదు, నీకు అబద్ధం చెప్పను.

మాట్లాడుతుండగానే గంట కొట్టేశారు. గువ్వ లేచి సంచీ భుజాన వేసుకుంది. “ఎక్కడిదాకా వచ్చాం?” అని అడిగింది.

ఎక్కువ దూరం రాలేదు. మీ పిన్ని ఇంకా అద్దం ముందు కూర్చుని జడ అల్లుకుంటూనే ఉంది.

మీ బాబాయి